మొదటి ఏడాది మార్కెటింగ్ బడ్జెట్‌ను సరుకు మళ్ళీ కొనే ఇళ్ళ లెక్కతో వేయండి

సీతమ్మధారలో ఉంటున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. ఆమె, ఆమె చెల్లెలు కలిసి వచ్చే ఫిబ్రవరిలో మొలకెత్తించిన చోడి (రాగి) జావ పొడిని ఒక బ్రాండు పేరుతో విశాఖపట్నం మార్కెట్‌లోకి తెస్తున్నారు. 400 గ్రాముల పొట్లం ధర 160 రూపాయలు. మొదటి ఏడాది 60 లక్షల అమ్మకం ఉంటుందని అంచనా వేసుకుని, అందులో 20 శాతం, అంటే 12 లక్షలు మార్కెటింగ్‌కు పక్కన పెట్టారు. సోషల్ మీడియా పనులు చూసే ఒక ఏజెన్సీ నెలకు లక్ష రూపాయలు అడుగుతున్నది. 20 శాతం సరైనదేనా, ఈ డబ్బును ఎలా పంచుకోవాలి అన్నది వారి సందేహం.

నా జవాబు ముందే చెబుతాను. 12 లక్షలు చేతిలో ఉండటం మంచిదే గాని, ఆ మొత్తాన్ని ఏడాదిలోగా ఖర్చు చేసి తీరాలని ఇప్పుడే నిర్ణయించుకోకండి. మొదటి నాలుగు నెలల ఖర్చు నాలుగున్నర లక్షలు దాటనివ్వకండి. 3 లక్షలను ఎనిమిదో నెల దాకా ముట్టుకోకండి. మిగిలిన డబ్బు ఎప్పుడు, ఎక్కడ బయటికి రావాలన్నది మొదటి పొట్లం అయిపోయాక రెండోది కొన్న ఇళ్ళ సంఖ్యను చూసి తేల్చండి. ఏజెన్సీతో ఏడాది ఒప్పందం ఇప్పుడు వద్దు. నెలకు లక్ష చొప్పున ఏడాదికి 12 లక్షలు, దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 14 లక్షల 16 వేలు అవుతుంది. ప్రకటనలకు చెల్లించే సొమ్ము దానికి అదనం. మీ బడ్జెట్ అంతా ఆ ఒక్క సంతకంతోనే పూర్తయిపోతుంది.

నేను 1999లో పూర్ణా మార్కెట్‌లో ఒక డిస్ట్రిబ్యూటరు దగ్గర సేల్స్‌మన్‌గా ఈ వృత్తిలోకి వచ్చాను. తరువాత రెండు ఆహార పదార్థాల కంపెనీలలో ఉత్తరాంధ్ర జిల్లాల అమ్మకాలు చూశాను. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే చిన్న బ్రాండ్లకు సలహాలు ఇస్తున్నాను. ఇక్కడ చెప్పేది ఆ అనుభవం నుంచి వచ్చినదే. అంకెలలో కొన్ని మీ తయారీ ఖర్చును బట్టి మారవచ్చు, కానీ లెక్క వేసే పద్ధతి మారదు.

ముందుగా అమ్మకంలో ఇంత శాతం అన్న సూత్రం సంగతి. పెద్ద కంపెనీలను ఏటా సర్వే చేసే గార్ట్‌నర్ సంస్థ లెక్క ప్రకారం 2023లో ఆ కంపెనీల మార్కెటింగ్ బడ్జెట్ సగటున ఆదాయంలో 9.1 శాతం, 2024లో 7.7 శాతం. అవి ఇప్పటికే అమ్ముడుపోతున్న సరుకు ఉన్న సంస్థలు. నిరుటి అమ్మకం కళ్ళ ముందు ఉంటుంది గనుక దానిలో శాతం తీయడంలో అర్థం ఉన్నది. మీకు నిరుడు అమ్మకమే లేదు. మీరు శాతం తీస్తున్నది ఒక ఊహలో నుంచి. ఊహను పెంచితే బడ్జెట్ పెరుగుతుంది, పెరిగిన బడ్జెట్‌ను చూసి ఊహ మీద నమ్మకం పెరుగుతుంది. ఈ చక్రంలో పడి ఇంటి స్థలం అమ్ముకున్న కుటుంబం ఒకటి నాకు తెలుసు. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరి దేని నుంచి మొదలుపెట్టాలి? ఒక పొట్లం మీద మీకు మిగిలేదాని నుంచి. 160 రూపాయల ధరలో జి.ఎస్.టి. దాదాపు 8 రూపాయలు. కనీసం 70 శాతం చిరుధాన్యాల పిండి ఉండి, పొట్లం కట్టి లేబుల్ వేసి అమ్మే పొడికి 5 శాతం పన్ను వర్తిస్తుందని జి.ఎస్.టి. మండలి 2023 అక్టోబరులో నిర్ణయించింది. మీ పొడిలో బాదం, యాలకులు, బెల్లం కలిపితే ఇప్పుడు ఏ రేటు వర్తిస్తుందో మీ ఆడిటరును అడగండి. కిరాణా దుకాణదారుడికి 29 రూపాయలు, డిస్ట్రిబ్యూటరుకు 11 రూపాయలు పోతే మీ చేతికి 112 వస్తాయి. చోళ్ళు, మొలక కట్టడం, ఆరబెట్టడం, వేయించడం, మర, పొట్లం, కూలి కలిపి 70 రూపాయలని, రవాణా, పాడైన సరుకు కలిపి 10 రూపాయలని అనుకుందాం. మిగిలేది 32 రూపాయలు. డిస్ట్రిబ్యూటరు లేకుండా మీరే స్కూటర్ మీద సరుకు వేసినా ఆ 11 రూపాయలు మిగిలాయని అనుకోకండి. పెట్రోలుకు, కుర్రాడి జీతానికి సరిపోతాయి.

ఇప్పుడు మీ 12 లక్షలను 32తో భాగించి చూడండి. 37,500 పొట్లాలు అమ్మితే గాని మార్కెటింగ్ ఖర్చు వెనక్కి రాదు. అద్దె, మీ ఇద్దరి జీతాలు అందులో లేవు.

రెండో అడుగు ఇల్లు. నలుగురున్న కుటుంబంలో ఇద్దరు రోజూ జావ తాగితే 400 గ్రాముల పొట్లం సుమారు నెల రోజులు వస్తుందనుకుందాం. అంటే అలవాటు పడిన ఒక ఇల్లు ఏడాదికి 12 పొట్లాలు కొంటుంది, మీకు 384 రూపాయలు మిగులుస్తుంది. మొదటిసారి రుచి చూసి కొన్న ప్రతి నాలుగు ఇళ్ళలో ఒకటి అలవాటు పడిందనుకుంటే, ఒక ఇంటి చేత మొదటిసారి కొనిపించడానికి మీరు పెట్టగలిగే గరిష్ఠ ఖర్చు 384లో నాలుగో వంతు, 96 రూపాయలు. అద్దెకూ జీతాలకూ ఏదో ఒకటి మిగలాలి గనుక అందులో సగం, 48 రూపాయలను హద్దుగా పెట్టుకోండి. ఈ 48 అన్న అంకెను కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఎవరు ఏ ప్రతిపాదన తెచ్చినా, దానివల్ల ఒక ఇంటి మొదటి కొనుగోలుకు ఎంత పడుతుందని అడిగి ఈ అంకె పక్కన పెట్టి చూడండి.

నా దగ్గర ఉన్న రెండు లెక్కలు చెబుతాను. మీదాని వంటిదే ఒక చిరుధాన్యాల పొడికి ఫోన్‌లో కనిపించే ప్రకటనల మీద 30 వేలు ఖర్చు చేశాము. పన్ను కలిపి 35,400. వచ్చిన ఆర్డర్లు 62. ఒక్కో ఇంటికి 571 రూపాయలు, కొరియర్ ఖర్చు కాక. అదే సరుకుకు ఎం.వి.పి. కాలనీ అపార్ట్‌మెంట్లలో ఆదివారం ఉదయం రుచి చూపించే బల్ల పెట్టాము. ఇద్దరు అమ్మాయిల కూలి 1,400, పాలు, గ్యాస్, కప్పులు, పొడి కలిపి 1,200, అపార్ట్‌మెంట్ సంఘానికి 1,000, ఆటోకు 400. మొత్తం 4 వేలు. సుమారు 250 మంది తాగారు, 40 ఇళ్ళు కొన్నాయి. అక్కడ నేరుగా అమ్ముతారు గనుక దుకాణం వాటా, డిస్ట్రిబ్యూటరు వాటా కూడా మీకే మిగిలి, ఒక పొట్లం మీద 72 రూపాయలు వస్తాయి. 40 పొట్లాల మీద 2,880. నికరంగా మీ జేబు నుంచి పోయింది 1,120, ఒక్కో ఇంటికి 28 రూపాయలు. అన్ని ఆదివారాలూ ఇలా ఉండవు. వాన పడిన రోజున 11 పొట్లాలు మాత్రమే అమ్మిన సందర్భమూ ఉన్నది. అయినా సగటు 48 దాటలేదు.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. బల్ల దగ్గర 160 కంటే తక్కువకు అమ్మవద్దు. కింద ఉన్న దుకాణదారుడికి ఆ సంగతి సాయంత్రానికల్లా తెలుస్తుంది, మరుసటి రోజు మీ పొట్లం అరలో వెనక్కి వెళ్ళిపోతుంది.

ఈ లెక్కల ఆధారంగా మీ 12 లక్షలను నేనైతే ఇలా పంచుతాను. రుచి చూపించడానికి 3 లక్షలు, అంటే 75 రోజులు. మొదటి నాలుగు నెలల్లో 30 రోజులు, మిగిలినవి తరువాత. దుకాణాల పనికి 2 లక్షల 40 వేలు. లేబుల్, పొట్లం డిజైన్, ఫోటోలు, బార్‌కోడ్, ట్రేడ్‌మార్క్ వంటి ఒక్కసారి ఖర్చులకు లక్షా 20 వేలు. ఫోన్ ప్రకటనలకు, వీడియోలకు మరో లక్షా 20 వేలు. పండుగలకు, సీజనుకు 80 వేలు. కొన్నవారికి ఫోన్ చేసి కనుక్కునే పార్ట్‌టైమ్ మనిషికి 40 వేలు. మిగిలిన 3 లక్షలు బ్యాంకులో.

ఇందులో చాలామంది తక్కువగా అంచనా వేసేది దుకాణాల పని, అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సరుకు పట్టుకుని వెళ్ళగానే దుకాణదారుడు మూడు ప్రశ్నలు వేస్తాడు: స్కీం ఏమిటి (అంటే ఎన్ని కొంటే ఎన్ని ఉచితం), అరువు ఎన్ని రోజులు, గడువు తీరిన సరుకు వెనక్కి తీసుకుంటారా. ఈ మూడూ మార్కెటింగ్ ఖర్చులే గాని ఎవరూ బడ్జెట్‌లో రాసుకోరు. తొలి సరుకుకు 10కి 1 ఉచితం చాలు. బిల్లు కట్టే చోట నిలబెట్టే చిన్న స్టాండ్లు ఒక వంద చేయించండి. వెనక్కి వచ్చే సరుకు కోసం 60 వేలు విడిగా రాసిపెట్టండి. పెద్ద సూపర్ మార్కెట్లలో కొన్ని సరుకును జాబితాలో చేర్చుకోవడానికే రుసుము అడుగుతాయి. మొదటి ఏడాది ఆ రుసుము కట్టవద్దు; అడగని స్థానిక దుకాణాలు ఊళ్ళో కావలసినన్ని ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక పిండి బ్రాండుకు మార్చి నెలాఖరు లక్ష్యం అందుకోవాలని 10కి 3 ఉచితం ప్రకటించాను. దుకాణదారులు మూడు నెలల సరుకు ఒకేసారి దింపుకున్నారు. లెక్కల పుస్తకంలో ఆ నెల అమ్మకం ఎంతో బాగా కనిపించింది, కానీ ఇళ్ళకు వెళ్ళిన సరుకు ఏమీ పెరగలేదు. వానలు మొదలయ్యాక, మన సముద్రపు తేమకు పొట్లాలలో పిండి ఉండకట్టి, కొన్నింటికి పురుగు పట్టింది. ఆగస్టులో 1,100 పొట్లాలు వెనక్కి తీసుకున్నాము. డబ్బు నష్టం ఒక ఎత్తు. పురుగు చూసిన గృహిణి ఆ పేరును మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు, అది ఏ ప్రకటనతోనూ సరిదిద్దలేకపోయాము. దుకాణంలోకి వెళ్ళిన సరుకును అమ్మకంగా లెక్కించకండి, ఇంటికి వెళ్ళినదే అమ్మకం.

ప్రాంతం విషయంలో నిగ్రహం కావాలి. విశాఖ మధురవాడ నుంచి గాజువాక దాకా సాగిన ఊరు. మొదటి నెలలోనే ఊరంతా తిరిగితే పెట్రోలు ఖర్చు తప్ప గుర్తింపు మిగలదు. సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ, అక్కయ్యపాలెం, ఈ మూడు చోట్ల 200 దుకాణాలలో మీ పొట్లం ఎప్పుడూ ఉండేలా చూడండి. నాకు తెలిసిన ఒక పచ్చళ్ళ బ్రాండు వారు రద్దీ కూడలిలో మూడు నెలలు హోర్డింగ్ పెట్టి నాలుగున్నర లక్షలు ఖర్చు చేశారు. అప్పటికి వారి సరుకు ఊరు మొత్తంలో ఉన్నది 60 దుకాణాలలో. హోర్డింగ్ చూసి ఇంటికి వెళ్ళిన మనిషికి తన వీధి దుకాణంలో ఆ పచ్చడి దొరకలేదు. రెండుసార్లు అడిగి, మూడోసారి మానేశాడు. దీనికి భిన్నంగా ఒక కాఫీ పొడి బ్రాండును ఏడు నెలల పాటు గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం దాటి బయటికి రానివ్వలేదు. యజమానికి ఓపిక నశించి నాతో రెండుసార్లు గొడవ కూడా పడ్డారు. ఎన్.ఏ.డి. కూడలి వైపు దుకాణదారులే సరుకు కావాలని అడిగిన తరువాత అటు వెళ్ళాము, ఖర్చు లేకుండా నిలబడింది. అదే నమ్మకంతో మధురవాడ వెళ్ళినప్పుడు మాత్రం దెబ్బ తిన్నాము. అక్కడ మేము ఎంచుకున్న అపార్ట్‌మెంట్లలో అద్దెకున్న ఉద్యోగస్థులు ఎక్కువ. ఉదయం ఇంట్లో కాఫీ కాచుకునే తీరికే వారికి లేదు. ఒక పేటలో వచ్చిన ఫలితం పక్క పేటలోనూ వస్తుందన్న హామీ లేదు గనుక, ప్రతి కొత్త ప్రాంతానికీ ముందు పది రోజుల బల్ల, తరువాతే దుకాణాలు.

మీ పొట్లం మీద ఏ పేరు రాస్తారో కూడా బడ్జెట్‌కు సంబంధించినదే. ఉత్తరాంధ్రలో పెరిగినవారికి అది చోడి, గుంటూరు నుంచో రాయలసీమ నుంచో వచ్చి స్థిరపడినవారికి రాగి. రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో వేయండి. లేకపోతే సగం మంది కళ్ళ ముందున్న సరుకును గుర్తుపట్టరు, ఆ లోటు పూడ్చడానికి ప్రకటనలకు ఖర్చు పెట్టవలసి వస్తుంది. ఇంకొక మాట. మీ పోటీ మరో బ్రాండుతో అనుకుంటున్నారేమో. రైతు బజారులో చోళ్ళు కొని, నానబెట్టి, మొలక కట్టి, మేడ మీద ఆరబెట్టి, మర పట్టించే అత్తగారితో మీ పోటీ. ఆమె పొడి మీదానికంటే చౌక, చాలాసార్లు రుచి కూడా ఎక్కువే. మీరు అమ్ముతున్నది ఆ మూడు రోజుల శ్రమను తప్పించడాన్ని. మీ కరపత్రంలో, వీడియోలో, బల్ల దగ్గర అమ్మాయిల నోట ఆ ఒక్క విషయమే వినిపించాలి.

ఆరోగ్యం గురించి చెప్పాలన్న కోరిక కలుగుతుంది, అక్కడ చాలా జాగ్రత్తగా ఉండండి. "షుగర్ తగ్గిస్తుంది", "మందులు అక్కర్లేదు" వంటి మాటలు లేబుల్ మీద గాని, వీడియోలో గాని రాకూడదు. ఆహార ప్రకటనలపై కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018లో తెచ్చిన నిబంధనలు ఆహారం జబ్బును నయం చేస్తుందని చెప్పుకోవడాన్ని అనుమతించవు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉండవచ్చు; అది దాదాపు మీ ఏడాది బడ్జెట్. ఊళ్ళో తిండి వీడియోలు చేసేవారికి డబ్బు గాని, ఉచిత సరుకు గాని ఇస్తే, అది ప్రకటన అని వీడియోలోనే స్పష్టంగా చెప్పించండి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే కోరుతున్నాయి. ఉచితంగా పంచిన నమూనాల మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన జి.ఎస్.టి.ని సర్దుబాటు చేసుకునే వీలు) రాదు గనుక, పంచిన పొట్లాల లెక్క వేరుగా రాసి మీ ఆడిటరుకు ఇవ్వండి.

ట్రేడ్‌మార్క్‌ను వాయిదా వేయకండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక తరగతికి 4,500 రూపాయలు. పిండి, తృణధాన్యాల పదార్థాలు 30వ తరగతిలోకి వస్తాయి. 200 దుకాణాలలో పేరు నిలబడ్డాక మార్చుకోవలసి వస్తే అప్పటిదాకా పెట్టిన మార్కెటింగ్ ఖర్చంతా పోయినట్లే.

ఖర్చును నెలకు లక్ష చొప్పున సమంగా పంచకండి. జావకు, అంబలికి మన ఎండాకాలమే సీజను. ఫిబ్రవరిలో మొదలుపెడుతున్నారు గనుక మార్చి నుంచి జూన్ దాకా బల్లలు ఎక్కువగా పెట్టండి, వానాకాలంలో తగ్గించి దుకాణాలలో పాత సరుకు తీసి కొత్తది పెట్టే పని మీద దృష్టి పెట్టండి. మార్గశిర గురువారాలలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వచ్చే మహిళల రద్దీ మీ సరుకుకు తగినది. గుడి దారిలో ఉన్న దుకాణాలలో ఆ నెల సరుకు నిండుగా ఉంచి, ఒక బల్లకు అనుమతి అడగండి. ఆషాఢ పౌర్ణమి వేళ జరిగే సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి కూడా మీరు అడిగారు. 32 కిలోమీటర్లు కాలినడకన వెళ్తున్న భక్తుడు పొట్లం కొని మోసుకుపోడు. అక్కడ అంబలి పోయాలనిపిస్తే మీ సొంత డబ్బుతో సేవగా పోయండి, బడ్జెట్ పుస్తకంలో రాయకండి.

ఇక కొలత. బల్ల దగ్గర కొన్న ప్రతి ఇంటి నుంచి, వారి అనుమతితో, ఫోన్ నంబరు, పేట పేరు రాసుకోండి. 35వ రోజున ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి: పొట్లం అయిపోయిందా, మళ్ళీ కొన్నారా, ఎక్కడ కొన్నారు. "బాగుందండీ" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. మనవాళ్ళు ఫోన్‌లో ఎవరినీ నొప్పించరు. 70వ రోజున మరోసారి చేయండి. రెండుసార్లూ కొన్నవారే అలవాటు పడిన ఇళ్ళు. నాలుగో నెలాఖరున నూటికి 25 ఇళ్ళు అలా తేలితే, మీ హద్దు 48 నిలబడినట్లే. తరువాతి ప్రాంతానికి వెళ్ళండి. 15 మాత్రమే తేలితే హద్దు సుమారు 29కి పడిపోతుంది, అంటే బల్ల ఖర్చు అంతంతమాత్రంగా సరిపోతుంది, మరే ఖర్చూ సరిపోదు; రుచి, పొట్లం పరిమాణం, ధర మళ్ళీ చూసుకోండి. 200 గ్రాముల పొట్లం పెట్టగానే తిరిగి కొనేవారు పెరిగిన సందర్భాలు నేను చూశాను. 10కి పడిపోతే హద్దు 19 రూపాయలు. అప్పుడు మార్కెటింగ్ ఆపి వంటగదికి తిరిగి వెళ్ళాలి. బ్యాంకులో ఉంచమన్న 3 లక్షలు ఆ రోజు కోసమే.

చివరగా మీ 60 లక్షల అంచనా. 75 బల్లల ద్వారా 3 వేల ఇళ్ళు కొంటాయి. వాటిలో 750 అలవాటు పడి, ఏడాది మధ్యలో చేరినవారు గనుక సగటున తలా 6 పొట్లాలు మళ్ళీ కొంటే 4,500. వీరు కాక 200 దుకాణాలలో నెలకు 6 చొప్పున, పది నెలలకు 12 వేలు. మొత్తం 20 వేలకు కొంచెం తక్కువ. మీ చేతికి వచ్చేది సుమారు 23 లక్షలు, అందులో తయారీ, రవాణా ఖర్చులు పోగా మిగిలేది దాదాపు ఏడున్నర లక్షలు. మార్కెటింగ్‌కు పెట్టే 9 లక్షలు మొదటి ఏడాదిలో పూర్తిగా వెనక్కి రావు. రెండో ఏడాది ఖర్చు లేకుండా కొనే 750 ఇళ్ళు, 200 దుకాణాల అరలలో చోటు మీకు మిగులుతాయి. ఈ లోటును, మీ ఇద్దరి జీతాలను ఏ డబ్బుతో భరిస్తారో ఫిబ్రవరికి ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

ఏజెన్సీ వారికి ఈ వారమే జవాబు ఇవ్వాలని రాశారు. ఏడాది ఒప్పందం బదులు, పొట్లం ఫోటోలు, జావ కాచే విధానం చూపే మూడు చిన్న వీడియోలు ఒక్కసారి పనిగా చేసి ఇస్తారేమో అడగండి. దానికి 40 వేల దాకా ఇవ్వవచ్చు. కాదంటే, మంచి ఫోన్ ఉన్న కుర్రాడితో మీ వంటగదిలోనే తీయించండి. మీ అమ్మగారు జావ కాస్తుండగా తీసినా సరిపోతుంది.